పాత డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ స్పీడు తప్పుతుంటే ఏం చేయాలి

పాత రికార్డు ప్లేయర్‌లో పాట శ్రుతి తప్పగానే చాలామంది అడుగు విప్పి, బోర్డు మీద కనిపించిన ప్రీసెట్‌లన్నీ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే చిన్న భాగాలు) తలా కాస్త తిప్పి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యాక్టరీలో ఒక వరుసలో సెట్ చేసిన వాటిని కదిలించేస్తే, అసలు జబ్బేదో మనం కొత్తగా అంటించిందేదో తర్వాత ఎవరికీ తెలియదు. డైరెక్ట్ డ్రైవ్ మెషిన్లలో స్పీడు ఎలా తప్పుతోందో జాగ్రత్తగా గమనిస్తే చాలు, తప్పు ఎక్కడుందో సగం దొరికిపోతుంది. ముందు కొలవండి, తర్వాత తుడవండి. విప్పడం ఆ తర్వాతి సంగతి.

లోపల జరిగేది ఇదీ

జపాన్‌లో మత్సుషితా కంపెనీ 1970 ప్రాంతంలో టెక్నిక్స్ పేరుతో ఎస్‌పీ-10 తెచ్చింది. బెల్టూ రబ్బరు చక్రమూ లేకుండా ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) నేరుగా మోటారు ఇరుసు మీదే తిరిగే ఈ డైరెక్ట్ డ్రైవ్ పద్ధతి దానితోనే మార్కెట్‌లోకి వచ్చింది. 1972లో ఎస్‌ఎల్-1200, 1979లో క్వార్ట్జ్ లాక్ ఉన్న ఎస్‌ఎల్-1200 ఎంకే2 వచ్చాయి. డెనాన్, సోనీ, పయనీర్, కెన్‌వుడ్, జర్మనీలో డ్యూయల్ కూడా తమ తమ పద్ధతుల్లో ఇలాంటివి చేశాయి.

ఈ మోటారు తనంతట తాను నిమిషానికి 33⅓ చుట్ల దగ్గర నిలబడదు. ప్లాటర్ ఎంత వేగంగా తిరుగుతోందో ఒక సెన్సర్ ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. సర్క్యూట్ ఆ సంకేతాన్ని ఒక ప్రమాణంతో పోల్చి, వేగం తగ్గితే కరెంటు పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. క్వార్ట్జ్ మోడళ్లలో ఆ ప్రమాణం నిలకడగా కంపించే ఒక క్వార్ట్జ్ క్రిస్టల్. క్వార్ట్జ్ లేని పాత మోడళ్లలో మాత్రం వేగాన్ని కాస్త పెంచడానికో తగ్గించడానికో మీరు తిప్పే పిచ్ నాబ్ నుంచి వచ్చే వోల్టేజే ప్రమాణం. అంటే నాబ్ లోపల కాస్త దుమ్ము చేరితే ప్రమాణమే ఊగిసలాడుతుంది. కింద చెప్పబోయే పరీక్షల్లో చాలావరకు, కొలిచి ప్రమాణంతో పోల్చి సరిదిద్దే ఈ పద్ధతి మీదే ఆధారపడ్డాయి.

ఇందులోనే ఇంకో మంచి సంగతి ఉంది. మోటారు డీసీ మీద నడుస్తుంది కాబట్టి మన 50 హెర్ట్జ్ కరెంటుకూ అమెరికా 60 హెర్ట్జ్ కరెంటుకూ వేగంలో తేడా రాదు. అమెరికా నుంచి బంధువులెవరైనా తెచ్చిన ప్లేయర్‌కు 230 వోల్టులను 120కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే సరిపోతుంది. ఎంకే2 తీసుకునేది 13.5 వాట్లే, కనుక చిన్నదైనా చాలు. కాకపోతే అసలైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరే కొనండి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు వద్దు. జపాన్‌లో వాడినవి 100 వోల్టులవి, వాటికి 120 వోల్టులు ఇవ్వకండి. ప్లేయర్ వెనక ఉన్న పట్టీ చదివాకే ప్లగ్ పెట్టండి.

మొదటి అడుగు: నిజంగా తప్పుతోందా?

ఒక్క పైసా ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి. ప్లాటర్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, 33⅓ మీద నడిపి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. సరిగ్గా 100 చుట్లు రావాలి. 45 మీద 135 రావాలి. ఒక్క చుట్టు తేడా వస్తే 33⅓ దగ్గర అది 1 శాతం తప్పు. ఫోన్‌లో వీడియో తీసుకుని తర్వాత నెమ్మదిగా లెక్కపెడితే ఇంకా సులువు.

ఫోన్‌నే ప్లాటర్ మీద పెట్టి ఆర్‌పీఎం చూపించే ఆప్‌లు ఉన్నాయి. సగటు వేగం కంటే వేగం ఎలా ఊగుతోందో చూడటానికి అవి బాగా పనికొస్తాయి. సగటు విషయంలో మాత్రం ఫోన్ సెన్సర్‌ను పూర్తిగా నమ్మకండి, మూడు నిమిషాల లెక్కతో పోల్చుకోండి. 3150 హెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ రికార్డు దొరికితే మరీ మంచిది. అందులో 31.5 హెర్ట్జ్ తేడా అంటే 1 శాతం.

పాత పాటల శ్రుతిని తంబూరా ఆప్‌తో పోల్చి తీర్పు చెప్పకండి. పాడినవాళ్ల శ్రుతి నేటి కొలతకు సరిపోవాలని ఎక్కడా లేదు. పైగా 78 ఆర్‌పీఎం కాలంలో రికార్డు చేసిన వేగాలే అటూ ఇటూగా ఉండేవి. అర స్వరం తేడా అంటే దాదాపు 6 శాతం. మూడు నిమిషాల లెక్కలో అది ఆరు చుట్లుగా కనిపిస్తుంది, దాచినా దాగదు.

స్ట్రోబ్ చుక్కలు చెప్పేది, చెప్పనిది

ప్లాటర్ అంచున చుక్కలూ, వాటి మీద పడే చిన్న దీపమూ ఉంటే (దీన్నే స్ట్రోబ్ అంటారు), చుక్కలు నిలబడినట్టు కనిపించినప్పుడు వేగం సరిగ్గా ఉన్నట్టు లెక్క. అయితే ఆ దీపం దేన్ని బట్టి మెరుస్తోందో తెలియాలి. పాత మోడళ్లలో నియాన్ దీపం మెయిన్స్ కరెంటును బట్టి మెరుస్తుంది. 50 హెర్ట్జ్‌కు సెకనుకు 100 మెరుపులు. ఆ లెక్కన 33⅓కి చుట్టూ 180 చుక్కలు ఉండాలి. 60 హెర్ట్జ్ వరుసలో 216 ఉంటాయి. అమెరికా ప్లేయర్‌లో 60 హెర్ట్జ్ వరుస ఒక్కటే ఉంటే మన దగ్గర ఆ చుక్కలు సెకనుకు 20 చొప్పున ముందుకు పరిగెడుతున్నట్టు కనిపిస్తాయి. ప్లేయర్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఆ చుక్కలను ఆపాలని ప్రయత్నిస్తే వేగం 27.8కి పడిపోవాలి. చాలా ప్లేయర్లలో పిచ్ అంత దూరం రాదు కాబట్టి, నాబ్ చివరిదాకా తిప్పినా ఆగట్లేదని జనం ప్రీసెట్‌ల మీద పడతారు.

50 హెర్ట్జ్ చుక్కలు సైతం మెల్లగా జరుగుతుంటే కంగారు వద్దు. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 మధ్య ఉండేలా నడుపుతారు. 0.1 హెర్ట్జ్ తేడాకే చుక్కలు నిమిషానికి 12 చొప్పున జరుగుతాయి. అది కరెంటు కదలిక, ప్లాటర్‌ది కాదు. ఎంకే2 లాంటి వాటిలో స్ట్రోబ్ క్రిస్టల్ నుంచే నడుస్తుంది కనుక ఈ గొడవ లేదు. దానిలో నాలుగు వరుసల్లో అన్నిటికంటే పెద్ద చుక్కల వరుస సున్నా పిచ్‌ది.

విడిగా స్ట్రోబ్ కాగితం ప్రింట్ తీసుకుని వాడేవాళ్లకు ఒక మాట. ఎల్‌ఈడీ బల్బు కింద చాలాసార్లు గీతలు అసలు కనిపించవు, ఎందుకంటే వాటి డ్రైవర్ వెలుతురును సమంగా ఉంచుతుంది. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ కింద చూడండి.

రెండో అడుగు: తప్పు తీరు పట్టుకోవడం

ఇక్కడ తొందరపడకండి. అరగంట ఆడనిచ్చి, రెండు స్పీడుల మీదా చూసి, కనిపించినది కాగితం మీద రాసుకోండి.

33 సరిగ్గా ఉండి 45 తప్పితే (లేదా తలకిందులుగా) మోటారు, సెన్సర్, పవర్ సప్లై బాగున్నట్టే. తప్పు ఆ ఒక్క స్పీడుకు సంబంధించిన నాబ్‌లోనో, ప్రీసెట్‌లోనో, స్విచ్ కాంటాక్ట్‌లోనో ఉంటుంది. రెండూ ఒకేలా తప్పితే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాలు చూడాలి.

వేగం ఒక పద్ధతీ పాడూ లేకుండా ఊగుతూ, నాబ్ ముట్టుకోగానే మారితే అది దాదాపుగా మురికే. నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

క్వార్ట్జ్ మోడల్ అయితే ఇంకో చక్కటి పరీక్ష ఉంది. ఎంకే2లో పిచ్ స్లైడర్‌ను మధ్యకు తెస్తే టిక్కుమని ఆగి ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. అక్కడ వేగం క్రిస్టల్ చేతిలో ఉంటుంది, స్లైడర్‌తో పని లేదు. సున్నా దగ్గర నిలకడగా ఉండి, పక్కకు జరపగానే ఊగితే తప్పు స్లైడర్‌ది. సున్నా దగ్గరా ఊగితే సప్లై, సోల్డరింగ్, ఐసీల (బోర్డు మీది చిప్‌ల) వైపు వెళ్లాలి.

ప్రతి చుట్టుకూ ఒకసారి, అంటే 33 మీద 1.8 సెకన్లకోసారి స్వరం సాగి ముడుచుకుంటుంటే ముందు రికార్డును అనుమానించండి. సూది దించి టోన్ ఆర్మ్ తల వైపు చూడండి. అది చుట్టుకోసారి ఎడమకూ కుడికీ ఊగుతుంటే రికార్డు మధ్య రంధ్రం పక్కకు జరిగి ఉన్నట్టు. రంధ్రం అర మిల్లీమీటరు తప్పినా, మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో శ్రుతి అటూ ఇటూ 0.5 శాతం ఊగుతుంది. సన్నాయి, వయొలిన్ లాంటి నిలుపు స్వరాల్లో చెవికి ఇట్టే తెలుస్తుంది. రికార్డు మార్చి చూడకుండా ప్లేయర్ విప్పకండి.

స్విచ్ వేయగానే ప్లాటర్ ఆగకుండా వేగం పుంజుకుంటూ పోతే, విచిత్రంగా, మోటారుకు ఏ జబ్బూ లేదు. సెన్సర్ నుంచి సంకేతం రావడం ఆగిపోయింది. ప్లాటర్ ఇంకా కదలలేదనుకుని సర్క్యూట్ పూర్తి కరెంటు పంపుతోంది. వెంటనే ఆపేయండి, డ్రైవ్ ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి.

ఇక బయలుదేరడానికే బద్ధకిస్తే (ఎంకే2 మంచి స్థితిలో 0.7 సెకన్లలో వేగం అందుకుంటుంది) బేరింగ్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా సప్లై నీరసించి ఉండొచ్చు. కొన్ని చోట్ల ఆగితే బయలుదేరక, చేత్తో కాస్త తోస్తే అందుకుంటుంటే మోటారులో ఒక ఫేజ్ (ఒక జట్టు కాయిల్స్) పనిచేయట్లేదు. కాయిల్ దగ్గరి తెగిన అతుకో, ఆ ఫేజ్ నడిపే ట్రాన్సిస్టరో కారణం.

మూడో అడుగు: మురికి తీయడం

ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ చేతిలోకి రావాలి. సూదికి తొడుగు పెట్టి, ఆర్మ్‌ను కట్టేసి, వెనక ఉన్న బరువును విప్పి పక్కన పెట్టండి. ప్లాటర్ తీశాకే మెషిన్‌ను బోర్లించాలి. కింద మెత్తటి దుప్పటి ఉండాలి.

ఎలక్ట్రానిక్స్ కోసం తయారైన కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే తెచ్చుకోండి. తుప్పు వదిలించే మామూలు స్ప్రేలు, కిరోసిన్ ఇక్కడ పనికిరావు. అవి జిడ్డు వదిలి, ఆర్నెల్లలో ఇంకా ఎక్కువ దుమ్ము పట్టిస్తాయి. నాబ్ వెనక పొటెన్షియోమీటర్ (నాబ్‌తో పాటు తిరిగే నిరోధకం) కాళ్ల దగ్గర ఉండే సందులోంచి కొద్దిగా స్ప్రే కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు పాతిక, ముప్పైసార్లు తిప్పండి. స్పీడు స్విచ్‌కు కూడా అలాగే. చాలామంది నాబ్‌తో ఆపేసి స్విచ్ మర్చిపోతారు, 33–45 స్విచ్ కాంటాక్ట్‌లు నల్లబడినా వేగం ఊగుతుంది.

ఎంకే2 లాంటి పొడవాటి స్లైడర్ విషయంలో చేయి బిగపట్టండి. దాన్ని మెత్తగా నడిపించేది లోపలి గ్రీజు. స్ప్రే గుమ్మరిస్తే గ్రీజు కొట్టుకుపోయి స్లైడర్ వదులై, తన ఇష్టం వచ్చినట్టు జారుతుంది. సన్నని గొట్టంతో చుక్క వేసి, ఆరాక ఫేడర్ గ్రీజు కొద్దిగా పెట్టండి.

బోర్డు మీద తెరిచి ఉన్న ప్రీసెట్‌లకూ దుమ్ము పడుతుంది. వాటిని తుడవాలంటే తిప్పాలి, తిప్పితే సెట్టింగ్ పోతుంది. కాబట్టి ముందు దగ్గర నుంచి ఫోటో తీసి, సన్నని మార్కర్‌తో గీత పెట్టుకోండి. వీలైతే మల్టీమీటర్‌తో మధ్య కాలికీ పక్క కాలికీ మధ్య ఓమ్స్ కొలిచి రాసుకోండి. సర్క్యూట్‌లో ఉండగా వచ్చే అంకె దాని అసలు విలువ కాకపోవచ్చు, తిరిగి అదే చోటుకు రావడానికి మాత్రం పనికొస్తుంది. తర్వాత స్ప్రే చేసి, అటూ ఇటూ తిప్పి, గీత దగ్గరకే తీసుకురండి.

పది నిమిషాలు ఆరనిచ్చి మళ్లీ కొలవండి. ఇక్కడితో బాగుపడితే, మిగతా పేజీ చదవకపోయినా నష్టం లేదు.

నాలుగో అడుగు: నూనె, అయస్కాంతం, సెన్సర్

ప్లాటర్‌ను చేత్తో తిప్పి చెవి పెట్టండి. గరగర, ఒరుసుకునే చప్పుడు ఏదీ వినపడకూడదు. ఎస్‌ఎల్-1200 ఎంకే2 జాతిలో ప్లాటరే మోటారులో సగం. దాని అడుగున పెద్ద అయస్కాంతం, కింద చట్రంలో కాయిల్స్ ఉంటాయి. ఆ అయస్కాంతం గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, ఇనుప రజను లాక్కుంటుంది. ఒక్క పిన్ను ఇరుక్కున్నా రుద్దుకుంటుంది. సెల్లో టేపుతో అద్ది తీయండి. అయస్కాంతాన్ని ప్లాటర్‌కు పట్టి ఉంచే స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో కూడా చూడండి. ప్లాటర్ లేకుండా ఈ మోడళ్లను ఆన్ చేయొద్దు.

నూనె విషయంలో టెక్నిక్స్ చెప్పింది 2000 గంటలకోసారి రెండు మూడు చుక్కలు. అంతకు మించి అక్కర్లేదు. మధ్య ఇరుసు మొదట్లో పలచటి, శుభ్రమైన మినరల్ మెషిన్ ఆయిల్ వేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు ఉదయం మీ ప్లాటర్ ఎందుకు నీలుగుతోందో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. ఇరుసు బేరింగ్‌ను విప్పే సాహసం వద్దు, ముఖ్యంగా ఎస్‌ఎల్-1200లో.

సెన్సర్ దగ్గర కంపెనీకో పద్ధతి. టెక్నిక్స్‌లో కాయిల్ సంకేతం ఇస్తుంది. డెనాన్ డీపీ మోడళ్లలో, సోనీ పీఎస్-ఎక్స్ శ్రేణిలో ప్లాటర్ లోపలి అంచున టేపులాంటి అయస్కాంత పూత ఉండి, దాని పక్కనే క్యాసెట్ ప్లేయర్ హెడ్ లాంటి చిన్న హెడ్ ఉంటుంది. ఆ పూత మీద రాసి ఉన్న గుర్తులే వేగం చెబుతాయి. వాటి దగ్గరికి స్పీకర్ గానీ, అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ గానీ తేకండి. చెరిగిపోతే తిరిగి రాయడం ఇంట్లో అయ్యే పని కాదు. గట్టిగా రుద్దడం కూడా తప్పే. మెత్తటి గుడ్డతో దుమ్ము తీసి, హెడ్ ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్లేయర్ అదుపు తప్పి పరిగెడుతుంటే హెడ్ అంచు నుంచి దూరం జరిగిందేమో, దాని సన్నని వైరు తెగిందేమో ముందు చూడండి. పార్సిల్‌లో కుదుపులు తిన్న ప్లేయర్లలో ఇది మామూలే.

ఐదో అడుగు: సోల్డరింగ్, కెపాసిటర్లు

ఇక్కడ సోల్డరింగ్ ఐరన్ పట్టిన అలవాటు కావాలి. లేకపోతే ఇప్పటిదాకా రాసుకున్న కాగితంతో సహా నమ్మకమైన రేడియో మెకానిక్‌కు అప్పగించండి. ఆ కాగితం ఆయనకు సగం పని తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ముందువైపు 230 వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ కాసేపు నిలుస్తుంది.

మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఇంటర్నెట్‌లో వెతికి దించుకోండి. దాదాపు అన్ని పేరున్న మోడళ్లవీ దొరుకుతాయి. అందులో ఉన్న డీసీ వోల్టేజీలను మీ బోర్డుతో పోల్చండి. రెగ్యులేటర్ (వోల్టేజ్‌ను నిలకడగా ఉంచే భాగం) దాటాక వోల్టేజ్ తక్కువగా ఉన్నా, అటూ ఇటూ ఊగుతున్నా స్పీడు సర్క్యూట్ జోలికి పోవద్దు, ముందు సప్లై బాగుచేయండి.

డ్రై సోల్డర్ (పట్టు వదిలిన సోల్డర్ అతుకు) కోసం భూతద్దంతో చూడండి. వేడెక్కే ట్రాన్సిస్టర్ కాళ్లు, వైర్లు వచ్చి కలిసే కనెక్టర్ పిన్నులు, బరువైన భాగాల అతుకులు. పిన్ను చుట్టూ సన్నని నల్లటి వలయం కనిపిస్తే అదే. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వేయండి, పాతదాని మీదే ఇంకాస్త పూయకండి. అతుకు కళ్లకు కనపడకపోతే, ప్లేయర్ నడుస్తుండగా ఎండు వెదురు పుల్లతో భాగాలను సున్నితంగా తడితే ఎక్కడ తట్టినప్పుడు వేగం ఉలిక్కిపడుతుందో తెలుస్తుంది. లోహపు వస్తువు వాడొద్దు, మెయిన్స్ వైపు అసలు వెళ్లొద్దు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఇరవై నిమిషాల తర్వాత జారిపోయే వేగానికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎక్కువసార్లు దోషులు. నలభై ఏళ్లకు అవి లోపల ఎండిపోతాయి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, బోర్డులో ఒక్కో మూలను కొద్దిగా వెచ్చబరుస్తూ చుక్కలు చూస్తే అనుమానితుడు బయటపడతాడు. మార్చేటప్పుడు మైక్రోఫారాడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజ్ రేటింగ్ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం. ఒకటి తీసి ఒకటి పెట్టండి, ప్లస్ మైనస్ చూసుకుంటూ. అన్నీ పీకి బల్ల మీద పెట్టుకుంటే ఏది ఎక్కడిదో తేలదు. హైదరాబాద్‌లో అయితే కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవి విడిగా దొరుకుతాయి. చిన్నచిన్న ఫిల్మ్ కెపాసిటర్లను అనవసరంగా మార్చకండి. అవి సాధారణంగా చెడిపోవు, పైగా టైమింగ్‌కు వాడినవైతే విలువలో చిన్న తేడాకే సెట్టింగ్ మారిపోతుంది.

ఇప్పుడు ప్రీసెట్

మురికి, నూనె, అతుకులు, కెపాసిటర్లు అన్నీ చూశాక కూడా వేగం నిలకడగా ఉండి కాస్త ఎక్కువో తక్కువో అయితే, అప్పుడు ప్రీసెట్ ముట్టుకోండి. ప్లేయర్‌ను అరగంట నడిపి వెచ్చబడనివ్వండి. బయటి పిచ్ నాబ్‌ను సరిగ్గా మధ్యలో పెట్టండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి, చుక్కలు స్థిరపడేదాకా ఆగి, మళ్లీ చూడండి. ఏ స్పీడు ముందు సెట్ చేయాలో మాన్యువల్ చెప్పిన వరుసలోనే వెళ్లండి, ఎందుకంటే కొన్ని మోడళ్లలో ఒకటి కదిపితే రెండోది మారుతుంది. చివర్లో సూది దించి, రికార్డు ఆడుతుండగా మూడు నిమిషాల లెక్క మళ్లీ చేయండి. ఖాళీగా 100 వచ్చి, సూది దించగానే 99 అయితే మోటారుకు బలం చాలట్లేదు. ప్రీసెట్‌తో దాన్ని కప్పిపుచ్చకుండా సప్లై, బేరింగ్ దగ్గరికి తిరిగి వెళ్లండి.

అన్నీ అయ్యాక మిగిలేది ఐసీ. ఎంకే2లో ఉన్న ఏఎన్6675, ఏఎన్6680, ఏఎన్6682 ఇప్పుడు తయారు కావు. కొత్తవని ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో పాత ఐసీల మీద ముద్ర మార్చినవీ ఉంటాయి. ఐసీ చచ్చిందని రూఢి అయితే, ఆర్మ్ విరిగో పైమూత పగిలో చవకగా అమ్ముడుపోయే అదే మోడల్ ప్లేయర్‌ను కొని బోర్డు మార్చుకోవడమే మేలు. కొనేముందు అమ్మేవాణ్ని ప్లాటర్ తిప్పి చూపించమనండి, రెండు స్పీడుల మీదా, కనీసం పావుగంట.